గోడకు ముందు మిగిలిన దూరం

గంటకు రెండు వందల కిలోమీటర్ల వేగంతో గోడకు గుద్దుకున్న రేసు డ్రైవరు కారులోంచి దిగుతాడు, హెల్మెట్ తీస్తాడు, జనానికి చెయ్యి ఊపి నడిచిపోతాడు. యాభైతో స్కూటర్ మీద పోతూ డివైడర్‌ను తాకినవాడు ఆస్పత్రికి చేరేలోపే పోతాడు. ఇదెలా సాధ్యం? టీవీలో రేసులు చూసే ప్రతివాళ్లకీ ఎప్పుడో ఒకప్పుడు వచ్చే సందేహమే ఇది. దాని వెనకే ఇంకో ప్రశ్న వస్తుంది. అంత గట్టిగా గుద్దుకున్నా ఏమీ కానప్పుడు, రేసుల్లో మనుషులు ఇంకా ఎందుకు చనిపోతున్నారు?

రెండో ప్రశ్నను ముందు పట్టుకుందాం. దానికి మంచి ఉదాహరణ ఢిల్లీకి కూతవేటు దూరంలోనే ఉంది.

మూడు ఆదివారాలు

గ్రేటర్ నోయిడాలో, యమునా ఎక్స్‌ప్రెస్‌వే పక్కన, జేపీ గ్రూపు కట్టించిన రేసు ట్రాక్ పేరు బుద్ధ్ అంతర్జాతీయ సర్క్యూట్. నమూనా గీసినవాడు జర్మనీకి చెందిన హెర్మన్ టిల్కే. చుట్టు పొడవు 5.125 కిలోమీటర్లు, మలుపులు 16. 2011 అక్టోబరు 30, ఆదివారం నాడు మన దేశంలో మొట్టమొదటి ఫార్ములా వన్ రేసు అక్కడే జరిగింది. ముందు రోజు అర్హత పోటీలో సెబాస్టియన్ వెటెల్ ఒక చుట్టును 1 నిమిషం 24.178 సెకన్లలో ముగించాడు. మలుపుల్లో తగ్గిన వేగాన్ని కూడా కలుపుకుని సగటు తీసినా గంటకు 219 కిలోమీటర్లు వస్తుంది. మర్నాడు రేసు గెలిచిందీ అతనే. కోయంబత్తూరు కుర్రాడు నారాయణ్ కార్తికేయన్ కూడా ఆ రేసులో నడిపి చివరిదాకా నిలబడ్డాడు.

అయితే ఆ పండగ మొదలైంది ఒక నిమిషం మౌనంతో. డ్రైవర్లంతా వరసగా నిలబడి తలలు వంచారు. రెండు వారాల కిందట, అక్టోబరు 16న, అమెరికాలోని లాస్ వేగాస్‌లో కార్ల రేసు డ్రైవరు డాన్ వెల్డన్ చనిపోయాడు. వారం కిందట, అక్టోబరు 23న, మలేషియాలోని సెపాంగ్‌లో మోటార్‌సైకిల్ రేసరు మార్కో సిమోన్‌చెల్లీ చనిపోయాడు. మొదటివాడికి 33 ఏళ్లు, రెండోవాడికి 24. వరసగా మూడు ఆదివారాలు: రెండు చావులు, ఒక ప్రారంభోత్సవం.

ఆ రెండు చావులూ ఎలా జరిగాయో చూస్తే ఒక సంగతి పట్టుబడుతుంది. లాస్ వేగాస్ ట్రాక్ కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. అక్కడ బ్రేకు వేసే పని పెద్దగా ఉండదు, కార్లన్నీ గుంపుగా పోతుంటాయి. పదకొండో చుట్టులో 15 కార్లు ఒకదానితో ఒకటి చిక్కుకున్నాయి. వెల్డన్ కారు గాల్లోకి లేచి కంచె వైపు వెళ్లింది. ప్రేక్షకుల మీద కార్లు పడకుండా కట్టిన ఇనుప కంచె అది. కంచె తన పని చేసింది, ప్రేక్షకులకు ఏమీ కాలేదు. కానీ కంచెను నిలబెట్టే స్తంభం ఒకటి వెల్డన్ తలకు తగిలింది. సెపాంగ్‌లో, రెండో చుట్టు పదకొండో మలుపు దగ్గర, సిమోన్‌చెల్లీ బైకు పట్టు తప్పింది. అలాంటప్పుడు బైకూ మనిషీ ట్రాక్ బయటికి జారిపోవడం మామూలు. ఆ రోజు అతను వదలకుండా వేలాడాడు, టైర్లకు మళ్లీ పట్టు దొరికింది, బైకు ట్రాక్ మధ్యలోకి తిరిగింది. వెనక వస్తున్న రెండు బైకులకు తప్పుకునే సమయం లేదు.

ఇద్దరిలో ఎవరూ గోడకు నేరుగా గుద్దుకుని చనిపోలేదు. వేగం వల్ల పోయారని మనం అలవాటుగా అనేస్తాం గాని, ఆ మాటలో సగమే నిజం.

చంపేది ఆగడం

విమానంలో గంటకు 900 కిలోమీటర్ల వేగంతో పోతూ హాయిగా నిద్రపోతాం. వేగం ఒంటికి తెలియదు. వేగం మారడం తెలుస్తుంది. ఎంత త్వరగా మారితే అంతగా తెలుస్తుంది.

గ్రేటర్ నోయిడాలో ఎటు చూసినా కట్టుబడి పనులే. లారీ మీంచి ఇటుకలు దించడం ఒకసారి నిలబడి చూడండి. పైవాడు రెండేసి ఇటుకలు విసురుతుంటాడు, కిందవాడు పట్టుకుని పేరుస్తుంటాడు. పనికి కొత్తయితే చేతులు బిగబట్టి నిలబడతాడు. ఇటుక వచ్చి అరచేతిని బాదుతుంది. సాయంత్రానికి చేతులు వాచిపోతాయి. పనిలో ఆరితేరినవాడి చేతులు ఇటుక రాకముందే కాస్త పైకి వెళ్తాయి, అది తాకగానే దానితోపాటే కిందికి దిగుతూ వస్తాయి, చివర్లో నడుము కూడా కొంచెం వంగుతుంది. ఇటుక అదే, వేగమూ అదే. ఒకడి చేతిలో అది అంగుళంలో ఆగింది, ఇంకొకడి చేతిలో మూరెడు దూరంలో ఆగింది. రేసు రక్షణ విద్య అంతా ఆ మూరెడు దూరం సంపాదించడం చుట్టూనే తిరుగుతుంది.

దీన్ని లెక్కలోకి దించడానికి సూత్రాలు అక్కర్లేదు, కుతుబ్ మినార్ చాలు. దాని ఎత్తు దాదాపు 73 మీటర్లు. పైనుంచి ఒక రాయి జారి పడితే, గాలి అడ్డును పక్కన పెడితే, నేలను తాకేసరికి దాని వేగం గంటకు 136 కిలోమీటర్లు ఉంటుంది. అంటే ప్రతి వేగానికీ ఒక ఎత్తు ఉంటుంది. గంటకు 60 కిలోమీటర్లంటే 14 మీటర్ల ఎత్తు నుంచి పడటం, అంటే నాలుగంతస్తుల మేడ మీంచి. 300 అంటే 354 మీటర్లు, ఒకదాని మీద ఒకటి పెట్టిన దాదాపు అయిదు కుతుబ్ మినార్లు. వేగం అయిదు రెట్లు పెరిగితే ఎత్తు ఇరవై అయిదు రెట్లు పెరిగింది. వేగం కొంచెం పెంచితే ప్రమాదం చాలా పెరుగుతుందని చెప్పేది ఇందుకే.

ఇప్పుడు ఆ ఎత్తును, ఆగడానికి దొరికిన దూరంతో భాగించండి. 300 వేగంతో వస్తున్న కారు ఒక్క మీటరులో ఆగితే 354 వస్తుంది. అంటే ఆ క్షణంలో ఒంటిమీద తన బరువుకు 354 రెట్ల మోత పడుతుంది. పది మీటర్లలో ఆగితే 35 రెట్లే. ఇంజనీర్లు దీన్నే ‘జీ’లలో కొలుస్తారు. మనం ‘బరువురెట్టు’ అనుకుందాం.

ఎన్ని బరువురెట్లు మనిషి తట్టుకోగలడు? తెలుసుకోవడానికి అమెరికా వైమానిక దళం డాక్టరు జాన్ పాల్ స్టాప్ తన ఒంటినే పరీక్షకు పెట్టుకున్నాడు. 1954 డిసెంబరు 10న రాకెట్లు కట్టిన బండిలో కూర్చుని పట్టాల మీద గంటకు 1,017 కిలోమీటర్ల వేగం అందుకుని, 1.4 సెకన్లలో ఆగాడు. 46 బరువురెట్లు. కళ్లలోకి నెత్తురు దిగి కాసేపు చూపు పోయింది. తర్వాత తేరుకుని 89 ఏళ్ల వయసు దాకా బతికాడు. పట్టీలతో సరిగ్గా కట్టేస్తే మనిషి ఒళ్లు అందరూ అనుకున్నదానికంటే చాలా గట్టిదని తేలింది.

1977లో సిల్వర్‌స్టోన్‌లో బ్రిటిష్ డ్రైవరు డేవిడ్ పర్లీ దానికంటే పెద్ద పరీక్షకు గురయ్యాడు, తన ఇష్టంతో కాదు. యాక్సిలరేటర్ ఇరుక్కుపోయి, 173 వేగంతో గోడను గుద్ది 66 సెంటీమీటర్లలో ఆగాడు. 173 వేగానికి సమానమైన ఎత్తు 118 మీటర్లు. 0.66తో భాగించి చూడండి, దాదాపు 180 వస్తుంది. కాళ్లు, కటి, పక్కటెముకలు విరిగాయి గాని బతికాడు, మళ్లీ రేసుల్లోకి వచ్చాడు కూడా. (చివరికి 1985లో విన్యాసాల విమానం కూలి పోయాడు. కొందరి స్వభావం అంతే.)

విరిగితేనే మేలు

మరి ఆ మూరెడు దూరం ఎక్కడ దొరుకుతుంది? మొదట కారులోనే.

ఫార్ములా వన్ కారు గుద్దుకోగానే ముక్కలు గాల్లోకి ఎగరడం చూసి, ఇంత ఖరీదైన కారు ఇంత పెళుసా అనిపిస్తుంది. అది పెళుసుతనం కాదు. డ్రైవరు కూర్చునే తొట్టిని కార్బన్ నారతో అతి గట్టిగా కడతారు, దాన్ని ప్రాణపేటిక అనవచ్చు. దాని చుట్టూ ఉన్న ముక్కు, పక్కభాగాలు, తోక నలగడానికే చేసినవి. ఒక్కో పొరా నలుగుతూ కొన్ని సెంటీమీటర్లు సంపాదిస్తుంది. మన మామూలు కార్ల బానెట్లు నలిగేదీ అందుకే. గుద్దుకున్నాక బానెట్ చెక్కుచెదరలేదని మురిసిపోయే పాతకాలపు జీపు యజమాని ఒక విషయం మరిచిపోతాడు. జీపు నలగకపోతే ఆ మోత లోపలివాడే మోయాలి.

తర్వాత మెడ. ఒంటిని పట్టీలు పట్టి ఉంచుతాయి, తలను పట్టేదేమీ లేదు. తలా హెల్మెటూ కలిపి ఆరేడు కిలోలనుకుంటే, 50 బరువురెట్ల దగ్గర అది మూడు క్వింటాళ్ల పైమాట. మెడ మీద అంత బరువు ముందుకు లాగుతుంది. ఒంటికి పెద్ద గాయం లేకుండానే పుర్రె అడుగు విరిగి డ్రైవర్లు చనిపోయేది ఇందుకే. మిషిగన్‌లో ప్రొఫెసరు రాబర్ట్ హబ్బర్డ్, ఆయన బావమరిది, రేసు డ్రైవరు జిమ్ డౌనింగ్ కలిసి దీనికి ఒక ఉపాయం కనిపెట్టారు. భుజాల మీద కూర్చునే గట్టి కాలరు, దాని నుంచి హెల్మెట్‌కు రెండు పట్టీలు. దాని పేరు హాన్స్. 1980ల నుంచీ ఉంది. మెడకు బరువనీ, తల తిప్పనివ్వదనీ డ్రైవర్లు ఏళ్ల తరబడి పక్కన పెట్టారు. 2001 ఫిబ్రవరిలో డేటోనాలో పేరుమోసిన డేల్ ఎర్న్‌హార్ట్ చనిపోయాక గాని అమెరికాలో దానికి మోజు రాలేదు. ఫార్ములా వన్‌లో 2003లో తప్పనిసరి అయింది. పనిచేస్తుందని తెలిసిన వస్తువు ఇరవై ఏళ్లు గోడకు వేలాడిందన్నమాట. హెల్మెట్‌ను హ్యాండిల్‌కు తగిలించుకుని తిరిగే మనకు ఇందులో వింతేమీ కనిపించదు.

ఇక పైనుంచి వచ్చేవి. 2009లో హంగరీలో, ముందు పోతున్న కారు నుంచి ఊడిన స్ప్రింగ్ ఒకటి ఎగిరివచ్చి ఫార్ములా వన్ డ్రైవరు ఫెలిపే మసా హెల్మెట్‌ను కంటిపైన బద్దలు కొట్టింది. బరువు ముప్పాతిక కిలో పైచిలుకు మాత్రమే, కానీ మసా దాని మీదికి అతివేగంగా దూసుకెళ్లాడు. బతికి బయటపడ్డాడు. 2011 నుంచి హెల్మెట్ ముందు అద్దం పైఅంచున జైలాన్ అనే గట్టి నారతో పట్టీ వేయడం మొదలైంది. ఆ ఏడాదే మసా బుద్ధ్ ట్రాక్‌కు వచ్చాడు. అర్హత పోటీలో ఒకసారి, రేసులో ఇంకోసారి, మలుపు లోపలి గట్టు ఎక్కి చక్రాన్ని పట్టి ఉంచే కడ్డీలు విరగ్గొట్టుకున్నాడు. రెండుసార్లూ కారు నుంచి దిగి నడిచివెళ్లాడు. ఒక మనిషి జీవితంలోనే రెండు రకాల ప్రమాదాలు పక్కపక్కన కనిపిస్తాయి. గట్టు ఎక్కి విరగడం ఊహించదగ్గది. స్ప్రింగ్ ఎగిరిరావడం ఎవరూ ఊహించనిది.

2018లో వచ్చిన హేలో ఆ వరసలో పెద్ద మలుపు. డ్రైవరు తల చుట్టూ టైటానియం చట్రం, బరువు ఏడు కిలోలు, పన్నెండు టన్నులు మోయగలదు. చూడ్డానికి హవాయి చెప్పు పట్టీలా ఉందని అభిమానులు మొదట్లో వెక్కిరించారు. 2020 నవంబరు 29న బహ్రెయిన్‌లో రొమాన్ గ్రోజాన్ కారు 192 వేగంతో ఇనుప కమ్మీలను చీల్చుకుని దూరింది, రెండు ముక్కలైంది, మంటలు లేచాయి. 67 బరువురెట్లు. తలకు తగలాల్సిన కమ్మీని హేలో పక్కకు నెట్టింది. మొదటి చుట్టులో రేసు కార్ల వెనకే డాక్టరుతో ఒక కారు వెళ్తుంది కాబట్టి వైద్యుడు క్షణాల్లో అక్కడున్నాడు. గుద్దుకున్న 27 సెకన్లకు గ్రోజాన్ మంటల్లోంచి బయటికి దూకాడు. చేతులు కాలాయి, అంతకుమించి పెద్ద గాయం లేదు. అయితే ఒక సంగతి. హేలో చట్రం సందులోంచి దూరి బయటపడడం తెరిచిన తొట్టిలోంచి దూకినంత తేలిక కాదు. తలను కాపాడిన వస్తువే దిగే దారిని ఇరుకు చేసింది. రక్షణ ఏదీ వట్టి లాభం కాదు, దాని ఖర్చు దానికుంటుంది.

నేల కూడా యంత్రమే

కారులో దొరికేది అరమీటరు, మహా అయితే ఇంకొంచెం. మిగతా దూరం నేలలో వెతకాలి. బుద్ధ్ ట్రాక్ మలుపుల బయట విశాలంగా పరిచిన తారు కనిపిస్తుంది. దాన్ని రన్-ఆఫ్ అంటారు, వదులునేల అనుకుందాం. పట్టు తప్పినవాడికి బ్రేకు వేసుకోవడానికి, మళ్లీ దారిలో పడడానికి వదిలిన చోటు. మన లెక్క ప్రకారం, ఒక బరువురెట్టుతో బ్రేకు పడే మామూలు కారుకు 300 వేగం నుంచి ఆగడానికి 354 మీటర్లు కావాలి. ప్రతి మలుపు దగ్గరా అంత నేల ఎవరూ ఇవ్వలేరు. అందుకే చివర్లో టైర్ల దొంతరలో, లోపల నురగ నింపిన దిమ్మెలో పెడతారు. లారీ కింద నిలబడ్డ పనివాడు చివర్లో నడుము వంచినట్టు, ఆ ఆఖరి మీటరును అవి ఇస్తాయి.

తారా, కంకరా అన్నది తెగని వాదం. కంకరలో కారు కూరుకుపోయి ఆగుతుంది, కానీ పక్కగా జారుకుంటూ వెళ్తే చక్రం దిగబడి బోల్తా పడొచ్చు. తారు మీద బోల్తా పడదు, కానీ బ్రేకులే పోయినవాణ్ణి తారు ఆపదు. అంతకంటే చిక్కు, వదులునేల తారు అయితే డ్రైవరుకు భయం తగ్గుతుంది. తప్పు చేస్తే శిక్ష లేదు కాబట్టి అంచు దాటి నడపడం అలవాటవుతుంది. నా మొగ్గు కంకర వైపే, అది కారుకు మాత్రమే సంబంధించిన మాటయితే.

గోడ ఎప్పుడూ దూరంగానే ఉండాలా? 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో ఎలక్ట్రిక్ కార్ల ఫార్ములా ఈ రేసు జరిగింది. హుస్సేన్ సాగర్ ఒడ్డున, ఎన్టీఆర్ మార్గ్, లుంబినీ పార్కు చుట్టూ 2.8 కిలోమీటర్ల ట్రాక్. ఫ్రాన్స్‌కు చెందిన ఝాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. అక్కడ వదులునేల పేరుకు మాత్రమే. రెండు పక్కలా కాంక్రీటు దిమ్మెలు, కారుకూ వాటికీ మధ్య కొన్ని అడుగులు. చూస్తే గుండె జారుతుంది. కానీ గోడ దగ్గరగా ఉంటే కారు దానికి నేరుగా తిరిగేంత చోటు ఉండదు, వాలుగా ఒరుసుకుంటుంది. 160 వేగంతో పోయే కారు 15 డిగ్రీల వాలులో గోడను తాకితే, గోడ వైపుగా ఉన్న వేగం 41 మాత్రమే. మిగతా వేగం గోడ వెంబడే సాగిపోతుంది, మెల్లగా అరుగుతుంది. గోడ మధ్యదూరంలో ఉంటేనే కీడు. నేరుగా తిరగడానికి చాలినంత చోటు, ఆగడానికి చాలనంత చోటు.

ఈ లెక్కలన్నీ కారుకు. బైకు రేసరుకు నలిగే ముక్కు లేదు, ప్రాణపేటిక లేదు, హేలో లేదు. అతని రక్షణంతా తోలు సూటు, దాని లోపల పడగానే కన్ను మూసి తెరిచేలోపు ఉబ్బే గాలితిత్తి, ఎదురు ఏమీ లేని నేల. కింద పడినవాడు తారు మీద జారుతూ పోతే ఒళ్లు పగలదు, దేనికీ తగలకుండా ఉంటే లేచి నిలబడతాడు. 2023 సెప్టెంబరులో బుద్ధ్ ట్రాక్ మీద మోటోజీపీ బైకు రేసు జరిగినప్పుడు, కొన్ని మలుపుల దగ్గర గోడలు బైకులకు దగ్గరయ్యాయని రైడర్లు ముందే బెంగపడ్డారు. కార్లకు గీసిన ట్రాక్ అది. చివరికి దెబ్బ వేరే చోట తగిలింది. శనివారం చిన్న రేసు మొదటి మలుపులోనే బైకులు ఒకదానికొకటి తగిలి లూకా మరీనీ కాలర్‌బోన్ విరిగింది.

ఉండకూడని చోట ఉన్నవి

2011 అక్టోబరు 28, శుక్రవారం ఉదయం. బుద్ధ్ ట్రాక్ మీద మొదటి సాధన మొదలైందో లేదో, ఎర్ర జెండా పడింది. ట్రాక్ మీదికి వీధికుక్క వచ్చింది. ట్రాక్ పక్కన కాపలా ఉండే మార్షల్స్ దాన్ని తరిమేదాకా కార్లు ఆగాయి. ప్రపంచమంతా నవ్వుకుంది, మనవాళ్లు నొచ్చుకున్నారు. నవ్వడానికేమీ లేదు. రేసులో ఈనాటికీ మిగిలిన ప్రమాదానికి అంతకంటే సరైన నమూనా నాకు కనిపించదు. కారు గోడను ఏ కోణంలో తాకుతుందో లెక్కవేయవచ్చు. కుక్క ఏ క్షణంలో కంచె కింద దూరుతుందో లెక్కవేయలేం.

1994 మే 1న ఇమోలాలో ఫార్ములా వన్ డ్రైవరు అయిర్టన్ సెన్నా గోడకు గుద్దుకుని చనిపోయాడు. విరిగిన కడ్డీ ముక్క హెల్మెట్‌ను చీల్చకపోయి ఉంటే బహుశా నడుచుకుంటూ వెళ్లేవాడే. ముందు రోజే అక్కడ రోలాండ్ రాట్జెన్‌బర్గర్ చనిపోయాడు. ఆ తర్వాత కార్లూ ట్రాకులూ ఎంతగా మారాయంటే, ఇరవై ఏళ్లపాటు ఫార్ములా వన్ రేసులో డ్రైవరెవరికీ ప్రాణాంతక ప్రమాదం జరగలేదు. మార్షల్స్‌కు మాత్రం ఆ భాగ్యం దక్కలేదు. 2000లో మోంజాలో, 2001లో మెల్‌బోర్న్‌లో ఊడివచ్చిన చక్రాలు తగిలి ఇద్దరు స్వచ్ఛంద మార్షల్స్ పోయారు. రేసు చరిత్రలో వాళ్ల పేర్లు ఎవరికీ గుర్తుండవు.

2014 అక్టోబరు 5న జపాన్‌లోని సుజుకాలో వాన. ఒక కారు జారి బయటికి పోయింది. దాన్ని ఎత్తడానికి క్రేన్ వచ్చింది. ముందు ప్రమాదం ఉందని రెండు పసుపు జెండాలు ఊపుతున్నారు. ఇంకో చుట్టు తిరిగేసరికి ఫార్ములా వన్ డ్రైవరు జూల్ బియాంకీ సరిగ్గా అదే చోట జారాడు. అతని ముందు వదులునేల ఉంది, చివర్లో టైర్ల దొంతర ఉంది, అన్నీ లెక్క ప్రకారమే ఉన్నాయి. వాటి మధ్యలో ఆరున్నర టన్నుల క్రేన్ ఉంది. ఏడు వందల కిలోల కారు గంటకు 126 వేగంతో దాని కిందికి దూరింది. తొమ్మిది నెలలు స్పృహ లేకుండా ఉండి 2015 జులైలో చనిపోయాడు. నలగడానికి చేసిన ముక్కు దేనికీ తగలనే లేదు, తల తగిలింది.

వెల్డన్‌కు స్తంభం, సిమోన్‌చెల్లీకి తోటి బైకులు, బియాంకీకి క్రేన్, మసాకు స్ప్రింగ్. గోడ ఒక్కచోటే ఉంటుంది కాబట్టి దానికి మెత్త వేయగలం. కదిలే వస్తువులు ఒకదానికొకటి ఎదురుపడే చోటుకు మెత్త వేయలేం. రేసు అంటేనే ఇరవై మంది ఒకే మలుపును ఒకే క్షణంలో కోరుకోవడం. అది తీసేస్తే మిగిలేది ఊరేగింపు.

మన దగ్గరా ఇలాగే. 2023 జనవరి 8న చెన్నై దగ్గర మద్రాస్ అంతర్జాతీయ సర్క్యూట్‌లో జాతీయ పోటీ జరుగుతుండగా, ఎంతో అనుభవం ఉన్న కె.ఇ. కుమార్ కారు ఇంకో కారును తాకి ట్రాక్ దాటి, కంచెను గుద్ది తలకిందులైంది. 59 ఏళ్ల ఆయన చనిపోయాడు. ఆ రోజు మిగతా రేసులు ఆపేశారు. అదే ఏడాది ఆగస్టు 5న అదే ట్రాక్ మీద బెంగళూరుకు చెందిన 13 ఏళ్ల కుర్రాడు బైకు మీంచి పడి, తలకు దెబ్బ తగిలి చనిపోయాడు. పెద్దవాడు తెలిసి ఒప్పుకున్న ప్రమాదాన్నీ, పదమూడేళ్లవాడి ప్రమాదాన్నీ ఒకే గాటన కట్టడం నాకు మింగుడుపడదు. తప్పించలేని ప్రమాదం అనే మాట వాడేముందు, ఒప్పుకున్నదెవరో అడగాలి.

చివరి పనిముట్టు

కారు అయిపోయింది, నేల అయిపోయింది. ఆ తర్వాత చేతిలో మిగిలే పనిముట్టు ఒకటే, రేసును తగ్గించుకోవడం. బియాంకీ ప్రమాదం తర్వాత 2015లో వచ్చిన వర్చువల్ సేఫ్టీ కారు పద్ధతి అదే. ట్రాక్ మీద మనుషులో యంత్రాలో ఉన్నప్పుడు, ప్రతి డ్రైవరూ తెర మీద చూపిన వేగం దాటకూడదు. పసుపు జెండా చూసి ఎంత నెమ్మదించాలో డ్రైవరు ఇష్టానికి వదలడం లేదు. ఎందుకంటే వదిలితే ఎవరూ తగినంత నెమ్మదించరు, పక్కవాడు నెమ్మదించడేమోనని ప్రతివాడికీ అనుమానం. లాస్ వేగాస్‌లో రేసును ఆపేశారు, సెపాంగ్‌లోనూ రద్దు చేశారు. రెండుసార్లూ ప్రమాదం జరిగాకే.

జరగకముందే తగ్గించుకున్న ఉదాహరణ బుద్ధ్ ట్రాక్ మీదే ఉంది. 2023 మోటోజీపీ ఆదివారం ఎండ మండిపోతోంది, గాలిలో ఉక్క. బిగుతు తోలు సూటులో, కాళ్ల మధ్య మరిగే ఇంజనుతో కూర్చున్నవాడి ఒంటి వేడి దిగే దారి లేదు. ఒంట్లో నీళ్లు తగ్గితే మొదట మందగించేది నిర్ణయం. చెయ్యి పట్టు కోల్పోవడం ఆ తర్వాత. నిర్వాహకులు 24 చుట్ల రేసును 21కి కుదించారు. మార్కో బెజ్జెక్కీ గెలిచాడు. రెండో స్థానంలో వచ్చిన హోర్హే మార్టిన్ సూటు జిప్పు రేసు మధ్యలో తెరుచుకుంటే, బైకు నడుపుతూనే దాన్ని మూసుకోవాల్సి వచ్చింది. రేసు అయ్యాక బైకు దిగి, ఒంట్లో నీళ్లు ఇంకిపోయి కుప్పకూలాడు. తగ్గించిన మూడు చుట్లు కూడా నడిపి ఉంటే ఏమయ్యేదో తెలుసుకునే మార్గం లేదు. మొత్తంలో ఎనిమిదో వంతు తగ్గిందని మాత్రం చెప్పగలం. ఈ పద్ధతిలో ప్రమాదాన్ని సున్నాకు తేవాలంటే చుట్లనూ సున్నాకు తేవాలి.

ఫార్ములా వన్ 2013 తర్వాత పన్నుల గొడవల మధ్య గ్రేటర్ నోయిడా వదిలి వెళ్లిపోయింది. ఆ ట్రాక్ మీద సొంత కార్లు, బైకులు నడుపుకోవడానికి మామూలు జనమూ వస్తుంటారు. మీ కారుకు హేలో లేదు, మీ మెడకు కాలరు లేదు, బయట వదులునేల మాత్రం ఫార్ములా వన్ కోసం పరిచినదే. అక్కడ మొదట అలిసిపోయేది బ్రేకులు. పదే పదే గట్టిగా తొక్కితే వాటి వేడికి బ్రేకు ఆయిల్ మరిగి బుడగలు కడుతుంది. బుడగ నలుగుతుంది, బ్రేకు పట్టదు. అది జరగబోయే ముందు పెడల్ కొంచెం మెత్తగా, మామూలు కంటే లోతుగా దిగుతుంది. కాలికి ఆ తేడా తెలియగానే ఆ చుట్టును నెమ్మదిగా ముగించి పిట్‌లోకి తిరగాలి. అక్కడా హ్యాండ్‌బ్రేకు లాగకూడదు, ప్యాడ్లు డిస్కులకు అతుక్కుంటాయి. గేరులో వదిలేసి చల్లారనివ్వాలి.